టిఎంటి కాగితంలో ‘పాజిటివ్’ అన్న ఒక్క మాటే చదవొద్దు

(గ్రామ శాఖల బాధ్యుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం ఎప్పుడూ మాట్లాడుకునేది పత్తి మద్దతు ధర, మిర్చి యార్డులో తూకాలు, కోల్డ్ స్టోరేజీ కిరాయిలు, కౌలు కార్డులు. ఇవాళ గుండె పరీక్ష గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. సంఘానికీ గుండెకూ సంబంధం ఏమిటన్నారు. సంబంధం అప్పుల పుస్తకంలో ఉంది. ఇబ్బందుల్లో పడ్డ కుటుంబం దగ్గరకు వెళ్లి బాకీలు రాసుకుంటాం కదా. విత్తనం, ఎరువు, పురుగుమందు, కౌలు అన్నీ అయ్యాక ఇంటావిడ కాస్త ఆగి, “ఆసుపత్రిది కూడా రాయండి” అంటుంది. ఆ ఆసుపత్రి పద్దులో గుండెది తరచూ పెద్ద అంకె.

గుండెజబ్బు పట్నం వాళ్లకే వస్తుంది, ఎండలో కష్టపడేవాడి దగ్గరకు రాదు అనే మాట ఇంకా మన రచ్చబండల మీద వినబడుతోంది. అది తప్పని తేలి ఇరవై ఏళ్లయింది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, దాదాపు 1,80,000 జనాభాలో జరిగిన మరణాలకు కారణాలను ఇంటింటికీ వెళ్లి ఆరా తీశారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల జరిగినవే. పక్షవాతం కూడా అందులోనే. అవి మనలాంటి పల్లెలే, అక్కడివాళ్లు కూడా మనలాంటి మనుషులే. చుట్ట, బీడీ, బీపీ, షుగరు మన దగ్గర అంతకంటే తక్కువేమీ లేవు.

ఇక అసలు సంగతికి వద్దాం. మన ఊళ్లలో జరుగుతున్నది రెండు రకాలుగా ఉంది. ఒకాయనకు పత్తికి మందు కొడుతుంటే ఛాతీ బిగిసినట్టయింది. పట్నం వెళ్లాడు. ఈసీజీ బాగానే ఉందన్నారు, టిఎంటి చేశారు, కాగితం మీద ‘పాజిటివ్’ అని వచ్చింది. “రేపే ఆంజియో, అవసరమైతే అక్కడే స్టెంట్, డబ్బు చూసుకోండి” అన్నారు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీలు ఆ రోజు ఎంత పలికితే అంతకు తెగనమ్మారు, మిగతాది మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఇంకొకాయనకు అదే పరీక్షలో ‘నెగెటివ్’ వచ్చింది. ఆ కాగితాన్ని బీరువాలో పట్టాదారు పాసు పుస్తకం పక్కన భద్రంగా పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఛాతీలో నొప్పి వచ్చినప్పుడల్లా గ్యాసే అనుకుని సోడా తాగుతున్నాడు. మొదటాయనకు స్టెంట్ అవసరమే కావచ్చు, రెండో ఆయనది నిజంగా గ్యాసే కావచ్చు. కానీ ఇద్దరూ కాగితంలో ఒక్క మాట చదివి నిర్ణయానికి వచ్చారు. ఆ కాగితంలో ఇంకా చాలా రాసి ఉంటుంది. దాన్ని చదవడం కష్టమేమీ కాదు. మేము డాక్టర్లం కాము, వైద్యం చెప్పబోవడం లేదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడం కోసమే ఈ మాటలు.

ఈ పరీక్ష ఎందుకు పుట్టిందో మన సాగర్ కుడి కాలువ చెబుతుంది. నీళ్లు ఎవరూ వాడుకోని రోజుల్లో కాలువ చివరి భూములకు కూడా నీరు వెళుతుంది. మధ్యలో పూడిక ఉన్నా బయటపడదు. అందరూ ఒక్కసారి తూములు ఎత్తినప్పుడు చూడాలి, చివరి భూములు నోరెళ్లబెడతాయి. ప్రకాశం రైతుకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. గుండె రక్తనాళాలూ అంతే. మంచం మీద పడుకోబెట్టి తీసిన ఈసీజీ నీటి వాడకం లేని నెలలో కాలువ చూడటం లాంటిది. నాళంలో సగానికి పైగా పూడినా అందులో ఏమీ కనబడకపోవచ్చు. అందుకే మనిషిని నడిపించి, గుండెకు పని పెంచి, అప్పుడు ఈసీజీ తీస్తారు. కదిలే పట్టా మీద నడిపిస్తారు కాబట్టి ట్రెడ్‌మిల్ టెస్ట్, పొట్టిగా టిఎంటి.

ఎక్కువ చోట్ల వాడే పద్ధతి పేరు బ్రూస్ ప్రోటోకాల్. అమెరికాలోని సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్ అనే డాక్టరు 1960ల్లో తయారు చేశాడు. మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, అంటే గేదె వెనక నడిచినంత. కానీ పట్టా ఎగువకు వాలి ఉంటుంది. ప్రతి మూడు నిమిషాలకు వేగమూ పెరుగుతుంది, ఎగువా పెరుగుతుంది. రెండో మెట్టులో 4 కిలోమీటర్లు, మూడో మెట్టులో 5.5. తొమ్మిది నిమిషాలు పూర్తి చేశారంటే గట్టిగా నడిచినట్టే.

కాగితంలో మొదట చూడాల్సింది ఈ నిమిషాలే. ‘పాజిటివ్’ అన్న మాట కంటే ముందు. దాని పక్కనే ‘మెట్స్’ అని ఒక అంకె ఉంటుంది. కుర్చీలో ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి కావలసిన ఆక్సిజన్‌ను ఒక మెట్ అంటారు. మూడు నిమిషాలు నడిస్తే సుమారు 5, ఆరు నిమిషాలకు 7, తొమ్మిది నిమిషాలకు 10. చాలామంది రోగులను ఏళ్ల తరబడి గమనించాక డాక్టర్లకు తేలింది ఏమిటంటే, మనిషి ఎంతసేపు నడవగలిగాడన్నదే అతని ముందుకాలం గురించి గట్టిగా చెబుతుంది. పది మెట్స్ దాటినవాడి పరిస్థితి, కాగితంలో కొంత తేడా ఉన్నా, సాధారణంగా మెరుగ్గానే ఉంటుంది. మూడు నిమిషాలకే ఆయాసంతో దిగిపోయినవాడి సంగతి వేరు.

రెండోది గుండె వేగం. 220 లోంచి మన వయసు తీసేస్తే వచ్చేది గరిష్ఠ వేగం, అందులో నూటికి 85 వంతులు చేరాలి. యాభై రెండేళ్లవాడికి 168, అందులో 85 శాతం అంటే 143. అది చేరకుండా పరీక్ష ఆగిపోతే, అప్పటిదాకా తేడా కనబడకపోయినా దాన్ని నిజమైన నెగెటివ్ అనలేం. తూములన్నీ ఎత్తకముందే కాలువ చూసి వచ్చినట్టు. మన వాళ్లలో ఇది తరచూ జరుగుతుంది. మోకాళ్ల నొప్పులు, కదిలే పట్టా మీద ఎన్నడూ కాలు పెట్టకపోవడం, చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడటం, భయంతో ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకుని వేలాడటం. కడ్డీ పట్టుకుంటే ఇంకో తంటా, నిజానికి పడ్డ కష్టం కంటే కాగితం మీద మెట్స్ ఎక్కువ చూపిస్తుంది. ఆడవాళ్లు పంజాబీ డ్రస్సు లాంటివి వేసుకుని వెళ్లడం మేలు. కాలికి పట్టే చెప్పులో బూట్లో ఉండాలి. బీపీకి వాడే అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఆ మాత్రలు ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, మనంతట మనం ఆపితే ప్రమాదం. కనీసం మాత్రల చీటీ వెంట తీసుకెళ్లండి.

మూడోది బీపీ. నడుస్తున్నకొద్దీ పై అంకె పెరగాలి. నడక పెరుగుతుంటే బీపీ పడిపోయిందంటే గుండె నీరసిస్తున్నట్టు, అది తేలిగ్గా తీసుకునే గుర్తు కాదు. నాలుగోది పట్టా దిగిన తర్వాతి మొదటి నిమిషం. గుండె వేగం ఆ నిమిషంలో 12 కంటే ఎక్కువ తగ్గాలి. ఆ అంకె కూడా కాగితంలో ఉంటుంది, ఎవరూ చూడరు.

ఇప్పుడు ‘పాజిటివ్’ దగ్గరకు వద్దాం. ఈసీజీ గీతలో ‘ఎస్‌టి’ అనే భాగం ఒకటి ఉంటుంది. నడిచేటప్పుడు అది మామూలు కంటే ఒక మిల్లీమీటరు లేదా అంతకంటే కిందికి, అడ్డంగా గానీ దిగువకు వాలి గానీ కుంగితే పాజిటివ్ అని రాస్తారు. ఎగువకు లేస్తూ ఉన్న కుంగుబాటుకు అంత విలువ లేదు. ఒక మిల్లీమీటరు అంటే ఈసీజీ కాగితం మీద ఒక చిన్న గడి. ఆ ఒక్క గడి మీద మన రెండెకరాలు ఊగిసలాడుతున్నాయన్న మాట.

అందుకే అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం డాక్టర్లు ఒక చిన్న లెక్క కట్టారు. మన పిల్లలు ఐదో తరగతిలో చేసే లెక్క అది. నడిచిన నిమిషాలు రాయండి. ఎస్‌టి ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో దాన్ని ఐదుతో గుణించి తీసేయండి. నొప్పి రాకపోతే సున్నా, నొప్పి వచ్చినా నడక సాగితే 4, నొప్పి వల్లే నడక ఆపాల్సి వస్తే 8, అది కూడా తీసేయండి. వచ్చింది 5 లేదా అంతకంటే ఎక్కువైతే ప్రమాదం తక్కువ. మైనస్ 10 నుంచి 4 దాకా మధ్యరకం. మైనస్ 11 లేదా అంతకంటే కిందికి పోతే ప్రమాదం ఎక్కువ.

ఇద్దరు రైతులను అనుకుందాం. ఒకాయన పది నిమిషాలు నడిచాడు, చివర్లో ఒక మిల్లీమీటరు కుంగింది, నొప్పి లేదు. పదిలోంచి ఐదు తీస్తే 5. ఇంకొకాయన నాలుగు నిమిషాలకే నొప్పితో దిగిపోయాడు, రెండు మిల్లీమీటర్లు కుంగింది. నాలుగులోంచి పది, ఆపైన ఎనిమిది తీస్తే మైనస్ 14. ఇద్దరి కాగితాల మీదా రాసింది ఒకటే మాట, పాజిటివ్. 1991లో ఈ లెక్కను ఆసుపత్రికి వచ్చిపోయే రోగుల మీద పరీక్షించారు. తక్కువ ప్రమాదం గుంపులో నాలుగేళ్ల తర్వాత నూటికి 99 మంది బతికున్నారు, ఎక్కువ ప్రమాదం గుంపులో 79 మంది. మొదటాయనకు మందులు మొదలుపెట్టి, నిదానంగా ఇంకో డాక్టరు మాట కూడా తీసుకునే వ్యవధి ఉంటుంది. రెండో ఆయన కోతలు అయ్యాక చూద్దాం అనకూడదు. డెబ్బై ఐదేళ్లు దాటినవాళ్లకు ఈ లెక్క అంత బాగా పనిచేయదు. బ్రూస్ పద్ధతి కాకుండా వేరే పద్ధతిలో నడిపిస్తే ఆ నిమిషాలు ఇందులో వేయకూడదు.

పత్తి రైతుకు లింగాకర్షక బుట్ట తెలుసు. వరసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున గులాబీ రంగు పురుగు రెక్కల పురుగులు పడితే మందు ఆలోచించమంటారు. కానీ బుట్టలో పురుగు పడితే కాయ లోపల పురుగు ఉన్నట్టేనా? పక్క చేలోంచి రావచ్చు. బుట్ట ఖాళీగా ఉంటే కాయ శుభ్రమని ధీమాగా ఉండగలమా? గుడ్డి పూలు చూస్తాం, కాయలు కోసి చూస్తాం. టిఎంటి బుట్ట లాంటిది, ఆంజియోగ్రామ్ కాయ కోసి చూడటం లాంటిది. ఏ చేలో బుట్ట పెట్టామన్నది కూడా లెక్కే.

నూటికి పైగా అధ్యయనాలను కలిపి 1989లో ప్రచురించిన అంచనా ప్రకారం, గుండె నాళాల్లో పూడిక ఉన్న వంద మందిలో ఈ పరీక్ష పట్టుకునేది సుమారు 68 మందిని. పూడిక లేని వంద మందిలో 77 మందికి సరిగ్గా లేదని చెబుతుంది, 23 మందికి లేని జబ్బు ఉందంటుంది. దీన్ని మన ఊరికి అన్వయించుకుందాం. ఏ నొప్పీ లేని, నలభై ఏళ్లలోపు వంద మందిని ఉచిత శిబిరంలో పట్టా ఎక్కించారు, వాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు ఐదుగురు అనుకుందాం. పాజిటివ్ వచ్చేది పాతిక మందికి. అందులో నిజం ముగ్గురు, మిగతా ఇరవై రెండు మంది ఉత్త పుణ్యానికి నిద్ర పోగొట్టుకుంటారు. ఇప్పుడు యాభై ఐదు దాటి, చుట్ట తాగుతూ, నడిస్తే ఛాతీ పట్టేసి ఆగితే తగ్గే నొప్పి ఉన్న వంద మందిని చూద్దాం. వాళ్లలో ఎనభై మందికి జబ్బుందనుకుంటే, నెగెటివ్ వచ్చే నలభై ఒక్క మందిలో ఇరవై ఆరుగురికి జబ్బు ఉన్నట్టే. కాబట్టి నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి ఉన్నవాడు నెగెటివ్ కాగితం చూసి ఇంటికి రాకూడదు, ఇంకో పరీక్ష అడగాలి. ఏ బాధా లేనివాడు శిబిరం కాగితం చూసి పొలం బేరం పెట్టకూడదు. ఆడవాళ్లలో తప్పుడు పాజిటివ్‌లు ఇంకాస్త ఎక్కువ. రక్తహీనత ఉన్నా ఎస్‌టి కుంగుతుంది, మన కూలి అక్కచెల్లెళ్లలో రక్తహీనత ఎంత ఉందో చెప్పనక్కర్లేదు. ముందు రక్తం పరీక్ష చేయమని అడగండి.

పాజిటివ్ వచ్చాక నేరుగా ఆంజియోనే దారి కాదు. స్ట్రెస్ ఎకో ఉంది, థాలియం స్కాన్ ఉంది, సీటీ ఆంజియో ఉంది. డ్యూక్ లెక్క మధ్యరకంగా వస్తే వీటి గురించి అడగండి. ఆంజియోలో బ్లాకులు కనబడినా స్టెంట్, మన ఊళ్ల మాటలో స్టంట్, ఆ పూటే పడాలని లేదు. ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనం ఒకటి 37 దేశాల్లో జరిగింది, మన దేశం కూడా అందులో ఉంది. నడక పరీక్షల్లో, స్కాన్లలో గట్టి తేడా కనబడి, పరిస్థితి నిలకడగా ఉన్న 5,179 మందిని తీసుకున్నారు. సగం మందికి మందులతోపాటు వెంటనే స్టెంట్ లేదా బైపాస్, సగం మందికి ముందు మందులే. 2020లో ప్రచురించిన ఫలితం ప్రకారం మరణాల్లో, గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం స్టెంట్ వల్ల ఉపశమనం బాగా దొరికింది. దీన్ని పట్టుకుని స్టెంట్లన్నీ మోసమని ప్రచారం చేయొద్దు. ఎడమవైపు ప్రధాన నాళంలో బ్లాకు ఉన్నవాళ్లను, గుండె పంపింగ్ బాగా తగ్గినవాళ్లను, అప్పుడే గుండెపోటు వచ్చినవాళ్లను ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. వాళ్ల లెక్క వేరు. డాక్టరును అడగాల్సిన మాట ఇది: “అయ్యా, నాది నిలకడగా ఉన్న జబ్బా? ఎడమ ప్రధాన నాళంలో ఉందా? ముందు మందులతో చూసే వీలుందా?” మర్యాదగా అడిగితే మంచి డాక్టరు ఎవరూ కోప్పడరు. కోప్పడితే కాగితాలు తీసుకుని ఇంకో చోటికి వెళ్లండి. ఆ కాగితాలు, ఆంజియో సీడీ మనవే.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ. స్టెంట్, బైపాస్ దాని కింద ఉన్నాయి. ఆసుపత్రిలో పథకం డెస్కు దగ్గర వైద్యమిత్ర ఉంటారు, మనవాళ్లు ఇంకా ఆరోగ్యమిత్ర అనే అంటారు. నగదు కట్టే ముందు అక్కడికి వెళ్లండి. స్టెంట్ ధరకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం పరిమితి పెట్టింది. అప్పటిదాకా లక్ష దాటి అమ్మిన మందు పూత స్టెంట్‌కు 29,600 రూపాయలు ఖరారు చేశారు, తర్వాత ఏటా కొంత మారుతోంది. బిల్లులో స్టెంట్ ధర విడిగా రాయమని అడిగే హక్కు మనకుంది. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో 2016లో గుండె మార్పిడే జరిగింది. సర్కారు ఆసుపత్రిలో గుండె వైద్యం లేదనుకునే వాళ్లకు ఈ మాట చెప్పండి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో టిఎంటి చేయాలనీ, ఫలితం తెలుగులో ఒక పేజీ రాసివ్వాలనీ కలెక్టర్లకు ఇచ్చే వినతిపత్రంలో చేరుస్తున్నాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. టిఎంటి నిలకడగా ఉన్నవాళ్లకు చేసే పరీక్ష. ఊరికే కూర్చున్నా నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యికో దవడకో పాకడం, ఇరవై నిమిషాలైనా తగ్గకపోవడం ఉంటే పట్టా ఎక్కకూడదు. 108 పిలిచి ఈసీజీ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లాలి. ఏరియా ఆసుపత్రుల్లో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉచితంగా ఇచ్చే స్టెమీ కార్యక్రమం 2023లో మన రాష్ట్రంలో మొదలైంది. షుగరు ఉన్నవాళ్లకు నొప్పే రాకపోవచ్చు, ఆయాసం, నీరసం, చెమటే గుర్తులు. మన చేలల్లో ఇంకో చిక్కుంది. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివి కొట్టి వచ్చాక కూడా చెమటలు, ఛాతీ బిగువు వస్తాయి. నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం, కండరాలు అదరడం తోడైతే మందు విషం కావచ్చు. ఏది ఏదో మనం తేల్చలేం, ఏదైనా ఆసుపత్రే. కొట్టిన మందు డబ్బా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

చివరగా పని గురించి. “మళ్లీ పొలం వెళ్లొచ్చా?” అని అడిగితే “బరువులు ఎత్తకు” అని ఒక్క ముక్క చెప్పి పంపేస్తారు. కౌలు రైతుకు అది సమాధానం కాదు. కాగితంలో ఎన్ని మెట్స్ దగ్గర నొప్పి వచ్చిందో, ఎస్‌టి కుంగడం ఎక్కడ మొదలైందో చూపించి అడగండి. చదునైన నేల మీద నడక సుమారు 3 మెట్స్, పారతో మట్టి ఎత్తడం 5 నుంచి 7. ఏడు దగ్గర తేడా వచ్చినవాడు నీళ్లు కట్టొచ్చేమో గానీ, 40 కిలోల మిర్చి టిక్కీని లారీకి ఎత్తడం వేరే సంగతి. ఊపిరి బిగబట్టి బరువెత్తితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, నడక పరీక్షలో అది తేలదు. ఇంకోటి, మనల్ని నడిపించింది ఏసీ గదిలో. ఏప్రిల్, మే నెలల పల్నాడు ఎండలో అదే పనికి గుండె ఇంకా ఎక్కువ కొట్టుకోవాలి. అందుకని వీపున తైవాన్ స్ప్రేయర్ నింపుకుంటే ఎంత బరువు, రోజుకు ఎన్ని ట్యాంకులు, ఏ వేళలో కొడతారు, ఈ మూడూ డాక్టరుకు చెప్పండి. బ్యాటరీ స్ప్రేయర్‌కు మారాలా, మనిషిని పెట్టుకోవాలా, పొద్దున పది లోపు ముగించుకోవాలా అన్నది అప్పుడు ఆయన చెప్పగలరు. పరీక్ష కాగితాలు ఉన్నవాళ్లు ఇవాళ భోజనాల తర్వాత ఇక్కడే కూర్చోండి, ఎవరి అంకెలు వాళ్లు విడిగా ఒక చీటీ మీద రాసుకునేలా చూద్దాం.